గోదావరి పుట్టినచోట ద్రాక్షతోటలు



గోదావరి యొడ్డున బుట్టి ఆ నీటితో పెరిగినవారికి ఆ తల్లి పుట్టినిల్లు చూచి రావలెనను కోరిక చిన్ననాటినుండియు నుండుట సహజము. మా తాతగారు వీథియరుగుమీద గూర్చుండబెట్టి నాకు కావ్యపాఠము చెప్పు దినములలో, పంచవటి పేరు వచ్చినప్పుడెల్ల, "అమ్మాయీ! మన రేవులో నీవు ముంచిన బిందెలోని నీరు అక్కడినుంచి వచ్చిందే సుమా!" అనుచుండెడివారు. ఆ మాట నా మనస్సున నాటుకొని యుండెను. గత మాఘమాసమున మావారు పాఠశాలకు వారము దినములు సెలవు పెట్టగా మేమిరువురమును నాసికాత్ర్యంబకయాత్రకు బయలుదేరితిమి.

యాత్ర నిజమే గాని, యాత్రమాత్రమే కాదు. నా తమ్ముడు నాసికప్రాంతమున నొక ద్రాక్షతోటలో ఉద్యోగము చేయుచున్నాడు. ఆ తోటలోని పండ్లు తినుటకుగాదు, వైను చేయుటకు. అందుచేత మా అమ్మ మూడేండ్లనుండి వానితో సరిగా మాటలాడుట లేదు.

ఇంటి గుట్టు బయట పెట్టుచున్నానని యెవరును తప్పు పట్టవద్దు. మా తండ్రిగారు నాకు ఆరేండ్లును తమ్మునికి రెండేండ్లును ఉండగా గతించిరి. ఏమి జబ్బని యడిగినవారికి అమ్మ కామెర్లని చెప్పుచుండెడిది. ఆ కామెర్లు సారా దుకాణమునుండి వచ్చినవని ఊరికంతకును తెలియును. నెల్లూరు జిల్లాలో దూబగుంట ఆడువారు చదువుల పుస్తకములో సీతమ్మ కథ చదివి, లేచి సారా దుకాణము మూయించుట 1992లో జరిగినది. రాష్ట్రమంతటను సారా నిషేధము 1993 అక్టోబరులో వచ్చినది. మా తండ్రిగారు ఆ యేటి వేసవిలోనే పోయిరి. 1995లో సంపూర్ణ మద్యనిషేధము వచ్చుటయు 1997లో అది తొలగుటయు మీ రెఱిగినదే. ఇట్టి యింటి పిల్లవాడు బాపట్లలో వ్యవసాయశాస్త్రము చదివి, వైను తోటలో కొలువునకు కుదిరెననగా అమ్మ గుండె యెట్లుండును? వాడు పంపిన మొదటి జీతపు సొమ్మును తిరిగి వాని ఖాతాకే వేయించినది. "నువ్వు చూసి రా" అని నాతో ననలేదు. "త్ర్యంబకం ఎటూ వెళుతున్నారుగా" అని మాత్రమన్నది.

సికింద్రాబాదులో బండి మారి మన్మాడు మీదుగా పోవు బండి యెక్కితిమి. బాసర సమీపమున ప్రొద్దు గ్రుంకువేళ గోదావరిని దాటితిమి. తెల్లవాఱకముందే నాసిక్ రోడ్డు స్టేషనులో దిగగా చలి యెముకలు కొఱుకుచుండెను. నాసిక సముద్రమట్టమునకు సుమారు 600 మీటర్ల యెత్తున నున్నది. పగలు మన యెండవంటి యెండయే కాయును, రాత్రి దుప్పటి విడువనీయదు. ఈ యెండయు ఈ చలియు కలియుటయే ద్రాక్షకు ప్రాణమని తరువాత తెలిసినది.

త్ర్యంబకము నాసికకు పడమట సుమారు 30 కిలోమీటర్లు. బ్రహ్మగిరి యను నల్లని కొండ గోడవలె నిలిచియుండును. ఆ కొండయే గోదావరి జన్మస్థానము. క్రింద కుశావర్తమను కోనేట స్నానము చేసితిమి. రాజమహేంద్రవరమున ఒక యొడ్డున నిలిచి రెండవ యొడ్డును పోల్చుకొనలేని నాకు, అక్కడ ఆ నీటిధార జూడగా, ఉయ్యాలలోని శిశువును జూచి ఈమెయే మా ముత్తవ్వయని చెప్పినట్లు తోచినది. 1465 కిలోమీటర్లు నడచి మన అంతర్వేదికడ సముద్రమున గలియునది ఇదియే! నాసికలో రామకుండమును, పంచవటిని, నల్లరాతి కాలారామాలయమును జూచితిమి. ఆ గుడిలోనికి తమకును ప్రవేశము కావలెనని అంబేడ్కరుగారి నాయకత్వమున 1930లో సత్యాగ్రహము జరిగినదని మావారు గుర్తు చేసిరి.

మఱునాటి యుదయమున తమ్ముడు వచ్చి మమ్ము తోటకు గొనిపోయెను. నాసికకు పడమట గంగాపురమువద్ద గోదావరికి పెద్ద మట్టికట్ట కలదు. దాని జలాశయము చుట్టును ఏటవాలు నేలలపై వరుసలు వరుసలుగా ద్రాక్షతీగలు. నేను చిన్నప్పుడు ద్రాక్షారామమనగా ద్రాక్షల ఆరామమనుకొని, భీమేశ్వరస్వామి దర్శనమునకు బోయినపుడు పందిళ్ళకై వెదకి, అది దక్షుని ఆరామమమ్మాయీ అని తాతగారిచే నవ్వించుకొంటిని. నిజమైన ద్రాక్షారామము నాకు గోదావరి మొదటనే కనబడినది.

తినెడి ద్రాక్ష ఈ జిల్లాలో చాలకాలమునుండి కలదు. మన బజారుకు వచ్చు గింజలేని పచ్చద్రాక్ష, థామ్సన్ సీడ్‌లెస్ అనునది, చాలవఱకు ఈ ప్రాంతముదే. హైదరాబాదు పరిసరములు అనాబ్-ఎ-షాహీ యను పెద్దగింజల ద్రాక్షకు పేరు వడినట్లే నాసిక దీనికి పేరుపొందినది. వైనుద్రాక్ష మాత్రము క్రొత్తకాపు. అమెరికాలో ఉద్యోగము మాని వచ్చిన రాజీవ్ సామంత్ అను నతడు గంగాపురము దగ్గఱ తమ కుటుంబపు భూమిలో ఈ జాతులు నాటించి, 2000లో తొలి వైను విడుదల చేసెను. ఆయన తల్లి పేరు సులభ. ఆ పేరులోని మొదటి రెండక్షరములే 'సుల' యని తోటకు పెట్టెను. 2001లో మహారాష్ట్ర ప్రభుత్వము ఈ పరిశ్రమకు ప్రత్యేకవిధానము ప్రకటింపగా మఱికొన్ని తోటలు వెలసినవి. ఒకని తల్లి పేరు సీసాలపై వెలుగుచున్నది, ఒకని తల్లి వాని సొమ్ము ముట్టదు అని తలంచి ఊరకుంటిని.

"ముందు తినిచూడక్కా, తరవాత పేర్లు చెబుతాను" అని తమ్ముడొక గుత్తినుండి పండు తుంచి యిచ్చెను. శనగగింజకంటె కొంచెము పెద్దది, గుండ్రనిది. నోట వేసికొనగా తోలు మందము. లోన కండ తక్కువ, గింజలు రెండో మూడో. కాని తీపి! బజారు ద్రాక్షయొక్క తీపి దీనిముందు చప్పన. ఆ తీపి వెనుకనే గట్టి పులుపు. మన ఆలంకారికులు నోట వేసినంతనే కరగి రుచినిచ్చు కవిత్వమును ద్రాక్షాపాకమనిరి. పెంకు పగులగొట్టినగాని రుచి తెలియనిది నారికేళపాకము. ఈ ద్రాక్షను దినియుండినచో వారు ద్రాక్షాపాకమునకు వేఱొక పేరు వెదకుకొనవలసి వచ్చెడిదని నేననగా మావారు గూడ నవ్విరి.

తినెడి ద్రాక్షకు పెద్దపండు, పలుచని తోలు, గింజలేమి గుణములు. వైనుద్రాక్షకు చిన్నపండే గుణము. ఏలయన రంగును వగరును వాసనయు తోలులోనే యుండును. పండు చిన్నదైనకొలది రసమునకు తోలు పాలెక్కువ. తీపిని కొలుచుటకు వారు జేబులో దుర్భిణివంటి చిన్న పరికరమును బెట్టుకొని తిరుగుదురు. ఒక చుక్క రసము దానిపై వేసి వెలుతురునకు బెట్టి చూతురు. నూటికి ఇరువదిరెండు, ఇరువదినాలుగు పాళ్ళ తీపి వచ్చినపుడు కోతకు సిద్ధమందురు.

ఇక జాతులు. మామిడిలో బంగినపల్లి, సువర్ణరేఖ, చిన్నరసము, కొత్తపల్లి కొబ్బరి యని భేదము లెట్లో వీనిలోను అట్లే. కొన్నింటికి ఊరి పేరు, కొన్నింటికి గుణము పేరు, కొన్నింటికి రూపము పేరు. పేర్లు పరుసుగా నున్నవని భయపడవలదు. బ్లాంక్ అనగా ఫ్రెంచి భాషలో తెలుపు, నోయర్ అనగా నలుపు. ఈ రెండు మాటలు తెలిసిన సగము పాఠము వచ్చినట్లే.

తెల్లజాతులలో నాసికయందు ముందు చెప్పదగినవి రెండు. మొదటిది షెనిన్ బ్లాంక్. నేను తొలుత తిన్న పండు ఇదియే. ఫ్రాన్సులో లువార్ నదీలోయ దీని పుట్టినిల్లు. దక్షిణాఫ్రికాలో అన్ని జాతులకంటె ఎక్కువగా నాటబడినది ఇదియే. ఆపిలుపండు, తేనె కలిసిన వాసన దీని వైనునకు ఉండునట. పండినపిదపను పులుపు చావకుండుట దీని గొప్ప. అందుచేత వేడిదేశములలోను నిలుచును. రెండవది సోవిన్యోన్ బ్లాంక్. దీని ఆకు నలిపి చూచితిని, పచ్చిగడ్డివాసన. వైనులో జామపండువాసన వచ్చునని తమ్ముడు చెప్పెను. ఫ్రాన్సులో పుట్టి, న్యూజీలాండు దక్షిణదీవిలోని మార్ల్‌బరోలో మిక్కిలి కీర్తి గడించినది.

తెల్లవానిలో మఱి రెంటి పేరు వినవలసినదే. షార్డొనే ఫ్రాన్సులోని బర్గండీ సీమది. ఆ పేరుగల ఊరు నేటికిని అచ్చట నున్నది. దీనికి స్వంతవాసన అంతగా లేదు, ఏ నేలలో పెరిగిన ఆ నేలగుణమును, ఏ పీపాలో నుంచిన ఆ కొయ్యగుణమును బట్టును. అత్తవారింట కలిసిపోవు కోడలివంటిదన్నమాట! రీస్లింగు దీనికి ఎదురు. జర్మనీలో రైను, మోజెల్ నదుల యొడ్డుది. 1435లోనే దీని పేరు లెక్కపత్రములకెక్కినది. ఎచ్చటికి పోయినను తన పూలవాసన, నిమ్మపులుపు విడువదు. చలిదేశపు బిడ్డ.

నల్లజాతులలో నాసికకు బాగుగా నచ్చినది షిరాజ్. ఫ్రాన్సులో సిరా యందురు. పేరునుబట్టి ఇరానులోని షిరాజు నగరమునుండి వచ్చినదని ఒక కథ చిరకాలము నడచినది. జన్యుపరీక్షలలో దీని తల్లిదండ్రులిరువురును ఫ్రాన్సు తీగలేయని తేలి, ఆ కథ కథయే యైనది. దీని విశేషము మిరియపు ఘాటు. అది వట్టి పోలికగాదు. నిజమైన మిరియములకు ఘాటైన వాసననిచ్చు పదార్థమే ఈ పండు తోలులోను కలదట.

రెండవది కాబెర్నే సోవిన్యోన్. ప్రపంచమున మిక్కిలి ప్రసిద్ధి కెక్కిన నల్లద్రాక్ష ఇదియే. పండు చిన్నది, తోలు దళసరి, వగరు మెండు. ఫ్రాన్సులోని బోర్డో దీని స్వస్థలము. దీని వంశవృత్తాంతము నాకు మిక్కిలి వింతగా దోచినది. అమెరికాలో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు డేవిస్ శాఖలో కేరోల్ మెరిడిత్ అను విదుషీమణియు ఆమె సహచరుడు జాన్ బవర్సును జన్యుపరీక్ష చేసి, ఈ నల్లద్రాక్షకు ఒకవైపు కాబెర్నే ఫ్రాంక్ అను నల్లతీగయు, రెండవవైపు సోవిన్యోన్ బ్లాంక్ అను తెల్లతీగయు జన్మనిచ్చినవని 1997లో ప్రకటించిరి. పేరులోనే తల్లిదండ్రు లిరువురును ఉండగా అంతవఱకు ఎవరును నిశ్చయముగా జెప్పలేకపోయిరి. మూడవది మెర్లో. నల్లని పాటపిట్ట పేరునుండి ఈ పేరు వచ్చినదందురు. మెత్తని స్వభావము గలది. బోర్డోవారు కాబెర్నే వగరును మెర్లో మెత్తదనముతో కలిపి సరిచేయుదురు. మనము కందికి పెసర కలిపినట్లు.

పినో నోయర్ బర్గండీది. గుత్తి దేవదారుకాయవలె బిగువుగా నుండుటచే ఆ పేరు. తోలు పలుచన, స్వభావము సుకుమారము. వేడిమి గిట్టదు. జిన్ఫాండెల్ కాలిఫోర్నియావారు తమదేయని మురిసిన జాతి. ఏడ్రియాటిక్ తీరమున క్రొయేషియాలో మరుగునపడిన యొక పాతతీగయే ఇదియని 2001లో తెలిసినది. టెంప్రానియో స్పెయినుది. ముందుగా పండుటచే, ముందు అను నర్థముగల మాటనుండి ఆ పేరు.

ఇన్ని పేర్లు చెప్పినను ఐరోపాసీసాలపై చాలచోట్ల ఇవి కనబడవు. అచ్చట ఊరి పేరే వేయుదురు. షాబ్లీ యన్న షార్డొనే యనియు, సాన్సేర్ తెల్లది యన్న సోవిన్యోన్ బ్లాంక్ అనియు తెలిసికొనవలెను. క్రొత్తదేశములవారే జాతిపేరు వ్రాయు వాడుక వ్యాపింపజేసిరి. ఊరిపేరు పెట్టుట మనకును క్రొత్తగాదు. కౌటిల్యుడు అర్థశాస్త్రములో ద్రాక్షరసముతో జేసినదానికి మధువని పేరుచెప్పి, పుట్టిన దేశమునుబట్టి దానిని కాపిశాయనమనియు హారహూరకమనియు వ్యవహరింతురని తెలిపినాడు. ఆ కాపిశి నేటి అఫ్గనిస్థానములోనిది.

నాకొక సందేహము చిరకాలమునుండి కలదు, నల్లద్రాక్షకు నల్లరసముండునా? తమ్ముడు షిరాజ్ పండొకటి నా యరచేతిలో నలిపెను. రసము దాదాపు నీళ్ళవలె నున్నది! తోలు తగిలినచోట మాత్రము వంగపూవురంగు మరక. నల్లజాతులలో మిక్కిలి కొన్నింటికితప్ప రసమునకు రంగులేదు. తోలుతోగూడ పులియబెట్టిన ఎఱ్ఱవైనగును. తోలు వెంటనే తీసి రసమొకటే పులియబెట్టిన తెల్లనిదగును. కొద్దిగంటలు తోలుతోనుంచి తీసిన గులాబిరంగు వచ్చును. పులియుట యనగా ఈస్టు అను సూక్ష్మజీవులు తీపిని దిని మద్యసారముగా మార్చుట. దోసెపిండి పులియునపుడు పొంగినట్లే ఇదియు బుడగలు వేయును. వేడి యెక్కిన వాసన చెడును గనుక నీటితో చల్లబఱచు ఉక్కుతొట్లలో నుంతురు.

ఫ్రాన్సులో తీగ శీతకాలమున ఆకురాల్చి నిద్రించి, సెప్టెంబరు అక్టోబరులలో పండును. నాసికలో తీగకు నిద్రలేదు. అందుచేత ఏటికి రెండు కత్తిరింపులు. ఏప్రిలులో మొదటిది కొమ్మ బలియుటకు, వానలు వెనుకబట్టినపిదప సెప్టెంబరు అక్టోబరులలో రెండవది కాపునకు. జనవరి మొదలు మార్చివఱకు కోతలు. ఈ నడుమ అకాలవర్షమో వడగండ్లో పడిన ఏడాది కష్టమంతయు నేలపాలు. 2008 తరువాత గిరాకి పడిపోయినపుడు వైనుద్రాక్ష కొనువారులేక చాలమంది రైతులు తీగలు పెఱికి, తినెడి ద్రాక్షకు మరలిరట.

తీగ మొదటివద్ద వంగి చూడగా కణుపువలె వాపు కనబడెను. అంటు! కడియపు తోటలలో మామిడికంట్లు కట్టుట నేను చూచినదే. దీనికి వెనుక పెద్దకథ కలదు. 1860 తరువాతి సంవత్సరములలో అమెరికానుండి ఫిలొక్సెరా యను చిన్నపురుగు ఫ్రాన్సుజేరి వేళ్ళు పీల్చివేయగా లక్షలకొలది ఎకరములు ఎండిపోయినవి. మందులేవియు పనిచేయలేదు. పురుగు పుట్టిన దేశపు అడవితీగవేళ్ళు ఆ పురుగునకు తట్టుకొనునని కనుగొని, అమెరికావేళ్ళపై ఫ్రాన్సుకొమ్మలను అంటుగట్టి తోటలను నిలుపుకొనిరి. నాసికలోను డాగ్‌రిడ్జ్ అను అమెరికా వేరే వాడుక. అది నీటికరవునకును ఉప్పునేలకును ఓర్చును. విత్తనము నాటిన తల్లిగుణము రాదు గనుక, ఏ జాతియైనను కొమ్మతుంచి నాటినదే. ప్రపంచమందలి కాబెర్నే తీగలన్నియు ఒకే మొదటి తీగనుండి తెగి దూరదేశములకు బోయిన ముక్కలేనని వినగా నాకు మనస్సు కలుక్కుమనెను.

వరుసలో ఆడుకూలీలు చిన్నకత్తెరలతో గుత్తులు కోసి పెట్టెలలో బేర్చుచుండిరి. పండు చల్లగా నుండగనే తీయవలెనని కోత తెల్లవాఱుజామునుండియే మొదలు. వారిలో చాలమంది పేఠ్, సుర్గాణా తాలూకాల కొండపల్లెలనుండి వచ్చినవారు. ఒకామె నన్ను చూచి నవ్వి, "తాయీ" యని పిలిచి గుత్తి యిచ్చెను. మీ యింటివారు ఇది త్రాగుదురా యని తమ్మునిచే నడిగించితిని. ఆమె కత్తెర ఆపి, "ఇది కొనేంత డబ్బు మా వాడికెక్కడిది? వాడు తాగేది వేరే. ఈ కూలిడబ్బు వాడికి కనబడకుండా పిల్ల పుస్తకాలకి దాస్తాను" అన్నది. తమ్ముడు ఆ మాట తెలుగుచేసి చెప్పుచు నా ముఖము చూడలేకపోయెను.

సాయంకాలము వాని గదిలో ఒక గాజుపాత్రలో షిరాజ్ పోసి తెచ్చెను. "తాగమనటంలేదు. వాసన చూడు" అన్నాడు. చూచితిని. మిరియము నిజమే. నేరేడుపండు, కొంచెము తడికొయ్య. చెడ్డవాసన గాదు. సారావాసన నాకు జ్ఞాపకమున్నది, మా తండ్రిగారి కండువా వాసన. అది కాదు ఇది. ఆ మాట వానితో జెప్పితిని. పాత్ర మరల వానిచేతికే ఇచ్చితిని.

"అయితే అక్కా, మనకి దగ్గొస్తే అమ్మ పోసిన ద్రాక్షారిష్టం ఏమిటి? అదీ పులిసినదేగా!"

"అది చెంచాతో పోసింది నాయనా, చెంబుతో కాదు."

వాడు నవ్వి, తరువాత నవ్వు మానెను. నేనును దాచక చెప్పితిని. సీసా అందమైనను లోనిది మద్యసారమే, నూటికి పండ్రెండు మొదలు పదునాలుగు పాళ్ళు. ఏ కొలతయు ఆరోగ్యమునకు నిరపాయమని చెప్పజాలమని ప్రపంచారోగ్యసంస్థ 2023లో స్పష్టముగా ప్రకటించినది. ధనికులు త్రాగిన మర్యాద, పేదలు త్రాగిన పాపము అను న్యాయము నాకంగీకారముగాదు. వాడంతయు విని, "నాకు తెలుసక్కా. నేను చుక్క ముట్టను. రుచి చూసి ఉమిసేస్తాను, అదీ పనికోసం. నాకు ఇష్టం తీగ. నాన్నగారు పోయినతర్వాత అమ్మ ఒక్కతే పాదుకి నీళ్ళు పోస్తూ ఉండేది, గుర్తుందా? బీరపాదు. దాని పక్కన కూచుని చదువుకున్నాను. అదే ఇష్టం" అన్నాడు. నాకు గుర్తున్నది. ఆ బీరకాయలమ్మియే మాకు పలకలు కొన్నది.

వాని కొలువు మంచిదో చెడ్డదో తీర్పు చెప్పుటకు నేను పోలేదు. పోయినది చూచుటకు. చూచినది మీకు చెప్పుచున్నాను. నాసికయాత్రకు పోవు సోదరీమణులు మాఘఫాల్గుణములలో పోయినచో గుడులతోబాటు ఈ తోటలను గూడ చూడవచ్చును. చూచుటకు త్రాగనక్కఱలేదు. ఉన్నిదుప్పటి మఱవవలదు.

తిరుగుప్రయాణమున వాడొక చిన్నపెట్టెలో షెనిన్ గుత్తు లిచ్చెను. తోలు దళసరి గనుక మార్గమున చెడలేదు.

ఇంటికి వచ్చిన దినమున అమ్మ యేమియు నడుగలేదు. త్ర్యంబకేశ్వరుని విభూతి కన్నుల కద్దుకొన్నది. కుశావర్తపునీరు తులసికోటలో పోసినది. నేను గుత్తి కడిగి పళ్ళెములో బెట్టి, "వాడు పెంచిన తీగలవి. ఉట్టి పండ్లే" అంటిని. చాలసేపటికి ఒకటి నోట వేసికొన్నది. గింజలు అరచేతిలోనికి దీసి చూచినది.

"తోలు మందం. గింజలెక్కువ. పులుపు కూడా ఉంది" అన్నది. మఱియొకటి తుంచుకొన్నది.

రాత్రి దీపము తగ్గించుచుండగా, "కోతలెప్పటికవుతాయన్నాడు?" అని యడిగినది.

"మార్చి నెలాఖరుకట. ఏప్రిల్లో కత్తిరింపులు మొదలు. మధ్యలో పదిరోజులు తీరికట."

అమ్మ గోడకు వ్రేలాడు పంచాంగము తీసికొని వెలుతురులోనికి వచ్చి, వ్రేలితో తిథులు తడవుచు, "ఉగాది ఆ మధ్యలోనే వస్తుంది" అన్నది. సొమ్ముమాట ఆమె యెత్తలేదు. నేనును ఎత్తలేదు.